కుప్పెలో నిద్ర

ఆరో రోజు మిట్టమధ్యాహ్నం వేళకు ధూమ్రజటుడి కోట కనిపించింది.

కొండ కొమ్మున నల్లరాతి ప్రాకారం. ప్రాకారం మీద డెబ్బై రెండు బురుజులు, ప్రతి బురుజుకూ పటికరాతి కలశం, ప్రతి కలశం మీదా చెక్కిన మూసిన కన్ను. గోడల పొడుగునా పాకిన నీలిపూల తీగలు పట్టపగలే ముడుచుకుని ఉన్నాయి. అగడ్తలో నీరు కదలదు, ఆ నీటిలో మొసళ్లు కదలవు. గాలి సైతం ఆ దరిదాపులకు వచ్చేసరికి చెప్పులు విడిచి నడుస్తున్నట్టుంది. పధ్నాలుగు లోకాలు గాలించినా నిద్రపోవడానికి ఇంతకంటే అనువైన చోటు దొరకదు. అయినా ఆ కోట యజమాని కంటినిండా నిద్రపోయి మూడు వందల ఏళ్లయింది.

విద్యలు సాధించే వయసులో ధూమ్రజటుడు నిద్ర మానుకుని మంత్రాలు జపించాడు. విద్యలన్నీ చేతికి వచ్చాక హాయిగా పడుకుందామనుకున్నాడు. అప్పటికి నిద్ర అతని ఇంటి దారి మరిచిపోయింది. ఒళ్లు పులిసిపోయేది, కళ్లు మండేవి, హంసతూలికా తల్పం మీద తెల్లవార్లూ దొర్లేవాడు. చివరికి ఇతరుల నిద్ర దొంగిలించడం నేర్చుకున్నాడు. నిద్ర పోగొట్టుకున్నవాళ్లు సరిగ్గా యాభై రోజులు బతికేవాళ్లు.

కేతకీనగరపు రాకుమారి హేమలేఖకు అది నలభై అయిదో రోజు.

ఆమె నిద్రను తిరిగి తేవడానికి ఎవరిని పంపాలా అని మంత్రులు తొమ్మిది రోజులు తర్జనభర్జనలు పడ్డారు. నిద్ర దొంగ మీదికి నిద్రపోని మనిషినే పంపాలని తేల్చి, పదహారేళ్లుగా నగరంలో రాత్రి పారా తిరుగుతున్న తలారి ముమ్మడిని పంపారు. పదిమంది తెలివైనవాళ్లు తీరిగ్గా కూర్చుని ఆలోచిస్తే ఇలాగే ఉంటుంది. ఎందుకంటే ధూమ్రజటుడి కోటలోకి మెలకువగా ఉన్నవాళ్లు వెళ్లలేరు. ఒళ్లు మరిచి నిద్రపోతున్న మనిషిని మాత్రమే ద్వారం దగ్గరి రాక్షసి ఎత్తుకుని లోపల పెడుతుంది. ఈ సంగతి ముమ్మడికి సగం దారిలో తెలిసింది.

అతని వెంట దాది బయ్యమ్మ ఉంది. హేమలేఖ పుట్టినప్పుడు బొడ్డు కోసిన చెయ్యి ఆమెది. పద్దెనిమిదేళ్లు పక్కలో వేసుకుని పెంచింది. వద్దన్నవాళ్లందరినీ తిట్టిపోసి మరీ బయల్దేరింది. గబ్బిలాల గుహలో దివిటీ ఆరిపోతే ముమ్మడి ఆమెను భుజాన వేసుకుని పరుగెత్తాడు. వెదురడవిలో ఒంటికన్ను దొంగలు చుట్టుముడితే, ఆమె వాళ్ల నాయకుడి చంటిబిడ్డకు కడుపునొప్పి తగ్గించి ఇద్దరినీ విడిపించింది. మూడు కొండలు, రెండు ఏరులు, ఒక కొండచిలువ. ఈ ఆరు రోజుల్లో ముమ్మడి ఒక్క కునుకు తీయలేదు.

రేగుపొదల చాటున వేషాలు మార్చారు. ముమ్మడి జరీపంచె కట్టి, చెవులకు పోగులు పెట్టి, ఒంటికి గంధం పూసుకుని ఇల్లరికపుటల్లుడయ్యాడు. బయ్యమ్మ అత్తగారయింది. తలారి కర్రను అక్కడే వదిలెయ్యమంటే ముమ్మడి ఒప్పుకోలేదు.

"నిజంగా నిద్రపోకురా. కళ్లు మూసుకుని జోగు. ఆ రాక్షసి లోపల పెట్టి రాగానే లేచి పిల్ల నిద్ర వెతుకు," అంది బయ్యమ్మ. "ఒకవేళ కన్నంటుకుంటే నేను పక్కనే ఉంటాగా, గిచ్చుతాను."

ద్వారం దగ్గర దీర్ఘనాస అనే రాక్షసి నిలబడి ఉంది. తాడిచెట్టంత మనిషి. ముక్కు బొడ్డు దాకా వేలాడుతోంది.

"ఎవరు వీడు?" అంది.

"మా అల్లుడుగారమ్మా," అంది బయ్యమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటూ. "పెళ్లయి నాలుగేళ్లు. భోజనానికి లేస్తారు, మళ్లీ పడుకుంటారు. ఇల్లు కాలిపోయినా పక్కకు ఒత్తిగిల్లుతారంతే. మీ అయ్యగారు మంచి నిద్రకు బంగారం ఇస్తారని విని తీసుకొచ్చాను."

"పడుకోమను. దొంగ నిద్ర నా ముక్కుకు పులిసిన గంజి కంపు కొడుతుంది. నీడ ఈ అరుగు దాటేలోగా అసలు నిద్ర పట్టిందా, లోపల పెడతాను. పట్టలేదా, తినేస్తాను."

బయ్యమ్మ భుజాన ఉన్న మూట దించింది. జోగితే సరిపోదన్నమాట.

ముమ్మడి అరుగు మీద పడుకున్నాడు. చల్లటి రాయి, చల్లటి నీడ. ఆరు రోజుల బడలికకు కాళ్లు దిమ్మల్లా బరువెక్కి ఉన్నాయి. కళ్లు మూశాడు. ఎడమ వైపు తిరిగాడు. కుడి వైపు తిరిగాడు. బోర్లా పడుకున్నాడు. నడుం నిద్ర అడుగుతోంది, కళ్లు అడుగుతున్నాయి, తల మాత్రం గుమ్మంలో నిలబడి ఎవరినీ లోపలికి రానివ్వడం లేదు.

బయ్యమ్మ మూటలోంచి ఆముదం తీసి అరికాళ్లకు రాసింది. దారికని తెచ్చిన గసగసాలు నూరి కణతలకు పట్టు వేసింది. మూడు తరాల రాజవంశాన్ని నిద్రపుచ్చిన గొంతుతో జోలపాట అందుకుంది. రెండో చరణానికి అగడ్తలోని మొసలి ఒకటి గురక మొదలుపెట్టింది. ముమ్మడి కళ్లు తెరిచి పైకప్పు చూస్తున్నాడు.

"ఏమీ ఆలోచించకుండా పడుకో," అంది దీర్ఘనాస.

"ఆలోచించకూడదని ఆలోచిస్తున్నాను," అన్నాడు ముమ్మడి.

"వెయ్యి నుంచి వెనక్కి లెక్కపెట్టు."

"రెండు సార్లు పెట్టాను."

నీడ అరుగు మధ్యకు వచ్చింది. నిద్ర పట్టని మనిషికి సలహా ఇవ్వాలని ప్రతివాళ్లకూ అనిపిస్తుంది, రాక్షసి కూడా అందుకు మినహాయింపు కాదు. వేడిపాలు తాగమంది, తల ఉత్తరానికి పెట్టొద్దంది, తను చిన్నప్పుడు ఏనుగు మెదడు తిని పడుకునేదాన్నంది. ఆమె చెప్పినకొద్దీ ముమ్మడికి ఉన్న కాస్త మత్తూ వదిలింది.

నీడ జానెడు మిగిలింది. బయ్యమ్మ అతని చెవి దగ్గరకు వంగింది.

"ఇంట్లో ఎట్టా పడుకుంటావురా ముమ్మడీ? అది చెప్పి చావు."

"తెల్లారాక పగటి పారా మనిషి వస్తాడవ్వా. నా చేతిలో కర్ర తీసుకుని, 'నేనున్నాను, నువ్వు పో' అంటాడు. ఆ మాట వినబడితే చాలు, ఇంటిదాకా కూడా ఆగలేను. ఒకోసారి సంతలో గోనెసంచుల మీదే పడిపోతాను. మళ్లీ జాముకోసారి నిద్రలోనే లేచి తలుపులన్నీ తడిమి చూసి పడుకుంటానట. మా ఇంటిది చెప్పింది."

"మరి ఈ ఆరు రోజులూ?"

"ఎవరూ దింపలేదవ్వా. బయల్దేరిన రోజు నుంచీ పారాలోనే ఉన్నాను."

"పారా మనిషివా నువ్వు?" అంది దీర్ఘనాస.

ఆ ముక్కుతోపాటు చెవులు కూడా గట్టివేనని ఇద్దరికీ అప్పుడు తెలిసింది. బయ్యమ్మ ముమ్మడికి అడ్డంగా నిలబడింది. రాక్షసి మాత్రం అరుగు మీద చతికిలబడి అతన్ని కొత్తగా చూసింది.

"వేషాల సంగతి నాకెందుకు? నన్ను నిద్ర చూడమన్నారు. వేషాలు చూడమనలేదు," అంది. "నేను ఈ గుమ్మంలో నిలబడి నూటపదేళ్లు. ఒక్కరోజు ఒక్కడు వచ్చి 'నేనున్నాను' అన్న పాపాన పోలేదు. కాళ్లు చూడు ఎలా వాచాయో."

ముమ్మడి చూశాడు. "ఉప్పునీళ్ల కాపడం పెట్టక్కా. మా వాళ్లంతా అదే చేస్తారు," అన్నాడు.

ఆ పలకరింపుకు దీర్ఘనాస ముక్కు ఎర్రబడింది. చెయ్యి చాచి అతని పక్కనున్న కర్ర తీసుకుంది. లేచి, నడుం సరిచేసుకుని, నేల మీద ఒకసారి తాటించింది.

"నేనున్నాను. నువ్వు పో," అంది.

ఆ మాట పూర్తయ్యేసరికి ముమ్మడి నోరు తెరుచుకుని గుర్రు పెడుతున్నాడు. బయ్యమ్మ ఒక గిచ్చు గిచ్చింది. రెండు గిచ్చింది. కొరికింది కూడా. దీర్ఘనాస ఒకసారి వాసన చూసి తృప్తిగా తలూపి, అతన్ని చాపలా చుట్టి చంకన పెట్టుకుంది.

"నేనూ వస్తానమ్మా!" అంది బయ్యమ్మ.

"నీకు నిద్ర వస్తోందా?"

"లేదు."

"అయితే ఇక్కడే ఉండు."

తలుపులు మూసుకున్నాయి.

ముమ్మడికి మెలకువ వచ్చేసరికి ఎదురుగా పగడపు స్తంభాల మండపం, ముత్యాల జాలరులు, నెమలికన్నుల పరదాలు. పైన నీలాల చుక్కలు పొదిగిన కప్పు, కింద అడుగు మునిగే తివాచీలు. వాటన్నిటి నడుమ అతనికంటే అలసిపోయిన మనిషి ఒకడు కూర్చుని ఉన్నాడు. మోకాళ్ల దాకా పొగరంగు జడలు. కళ్ల కింద సంచులు. చేతిలో శంఖం, దాని కొనలోంచి పసుపుపచ్చటి చుక్కలు ఒక చిన్న గాజుకుప్పెలోకి రాలుతున్నాయి.

చెవిలో ఏదో తడి తగిలితే ముమ్మడి తడుముకున్నాడు. ఒళ్లంతా తేలిగ్గా, బోలుగా, గాలికి ఊగే దండెం మీది బట్టలా ఉంది.

"నీ నిద్రే," అన్నాడు ధూమ్రజటుడు కుప్పెను వెలుగులో ఆడిస్తూ. "చిక్కగా ఉందిరా. ఎన్నాళ్లయిందో ఇలాంటిది చూసి. రైతు నిద్ర తాగాను, కోడి కూయగానే లేపేసింది. బాలింత నిద్ర తాగాను, గడియకోసారి ఉలిక్కిపడ్డాను. సేనాపతిది తాగితే తెల్లవార్లూ యుద్ధం. బావిలో రాయిలా పడి ఉండే నిద్ర ఒక్క రాకుమారికే ఉంది. ఆ పిల్ల పోయాక తాగితే అది శాశ్వతంగా నాదవుతుంది. ఇంకా అయిదు రోజులాగాలి. అందాకా నీది."

"నాది నాకివ్వండి," అన్నాడు ముమ్మడి.

"తాగాక ఇవ్వడానికి ఉండదు. నేను చస్తేగాని బయటికి రాదు." కుప్పె ఎత్తి గటగటా తాగేశాడు. "నీకు యాభై రోజులున్నాయి. ఇంటికి పో. పెళ్లాంపిల్లలతో గడుపు."

అతని గొంతులో కక్ష లేదు, జాలీ లేదు. పక్క సర్దుకుని, కాళ్లు చాపి, కళ్లు మూశాడు. మూడు శ్వాసల్లో ఒళ్లు తెలియని నిద్రలోకి జారిపోయాడు.

ముమ్మడి పరదా వెనక నక్కి చుట్టూ చూశాడు. తల్పం వెనక ఇనుప తలుపు, దానికి తాళం. తాళంచెవుల గుత్తి మాంత్రికుడి మొలతాడుకు ఉంది. ఆ మొలతాడు పడగ విప్పి, బుసకొట్టి, మళ్లీ నడుం చుట్టుకుంది. అది నల్లత్రాచు. ముమ్మడి చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పరదా కర్రతో గుత్తిని లాగబోయాడు, పాము కర్రను కాటేసింది, కర్ర బూడిదై రాలింది. తలుపును భుజంతో కుమ్మాడు, భుజం నొప్పి పుట్టింది. కిటికీ చువ్వలు పట్టుకుని ఊపాడు, అవి కొండంత గట్టిగా ఉన్నాయి. బయట ఎండ పడమటికి వాలుతోంది. ఒక జాము గడిచింది.

ధూమ్రజటుడు లేచి కూర్చున్నాడు.

ముమ్మడి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరదాకు అంటుకుపోయాడు. మాంత్రికుడు మంచం దిగాడు. కళ్లు మూసే ఉన్నాయి. "పారా హుషార్!" అని కోట దద్దరిల్లేలా ఒక్క కేక పెట్టి, గోడ వెంబడి నడక మొదలుపెట్టాడు. ప్రతి కిటికీ గడియా తడిమాడు. ప్రతి తలుపూ తోసి చూశాడు. ఇనుప తలుపు దగ్గర ఆగి తాళాన్ని రెండుసార్లు లాగి చూసి, తృప్తిగా గొణుక్కున్నాడు. భార్య నాలుగేళ్లుగా చెబుతున్నది ముమ్మడి కళ్లారా చూడటం అదే మొదటిసారి. తన నడకే. తన గొణుగుడే. తనకంటే కొంచెం హుందాగా ఉంది, అంతే.

ఏం చెయ్యాలో అతనికి తోచింది. పరదా చాటు నుంచి బయటికి వచ్చి మాంత్రికుడికి ఎదురుగా నిలబడ్డాడు. ఇద్దరి నడుమ జానెడు దూరం. త్రాచు పడగెత్తింది. ముమ్మడి అరచెయ్యి చాచాడు.

"నేనున్నాను," అన్నాడు. నోరు ఎండిపోయి మాట సగమే వచ్చింది. గొంతు సవరించుకుని మళ్లీ అన్నాడు. "నేనున్నాను. నువ్వు పో."

పదహారేళ్లుగా ప్రతి ఉదయం ముమ్మడి ఏం చేశాడో మాంత్రికుడూ అదే చేశాడు. చేతికి కర్ర తగలకపోతే నడుం తడుముకుని, గుత్తి ఊడదీసి, ఎదుటివాడి చేతిలో పెట్టాడు. యజమాని చెయ్యి కావడంతో పాము ఊరుకుంది. ధూమ్రజటుడు హమ్మయ్య అని నిట్టూర్చి, వెళ్లి పడుకుని, గుర్రు పెట్టాడు.

ఇనుప తలుపు వెనక గదిలో వందలాది కుప్పెలు. చాలావాటిలో అడుగున ఎండిన మరక తప్ప మరేమీ లేదు. వాటి మనుషులు ఏనాడో పోయారు. నిండుగా ఉన్నవి మూడు. ఒకటి బూడిదరంగులో సుడులు తిరుగుతోంది. ఒకటి కదలడం లేదు. గులాబీరంగు కుప్పె దగ్గర ముమ్మడి ఆగాడు. హేమలేఖకు నిద్రలో కిసుక్కున నవ్వే అలవాటుందని బయ్యమ్మ దారి పొడుగునా చెప్పింది. అతను చెవి పెట్టి విన్నాడు. లోపల ఎవరో కిసుక్కున నవ్వారు.

మిగతా రెండు కుప్పెలూ ఎవరివో తెలియదు. అయినా వాటినీ రొంటిన దోపుకుని పరుగెత్తాడు.

ద్వారం దగ్గర బయ్యమ్మ దీర్ఘనాస తలను తన ఒళ్లో పెట్టించుకుని పేలు చూస్తోంది. ముమ్మడిని చూడగానే రాక్షసి కర్రతో లేచి నిలబడింది. గుమ్మం నిండిపోయింది.

"చేతిలో ఏమిటి?"

"మా రాకుమారి నిద్ర."

"లోపలివి బయటికి పోనివ్వకూడదు. అది నా పారా."

"నా పారా కూడా నువ్వే తీసుకున్నావక్కా," అన్నాడు ముమ్మడి. "కర్ర నీ చేతిలోనే ఉంది."

దీర్ఘనాస కర్ర వైపు చూసింది. "నువ్వు కాస్తున్నది ఏమిటి?"

"ఆ పిల్ల ప్రాణం."

ఒప్పుకున్న పారాను దింపేవాడు వచ్చేదాకా వదలకూడదని కావలివాళ్ల కట్టుబాటు. అది మనుషులకూ ఒకటే, రాక్షసులకూ ఒకటే.

"ముందే చెప్పొద్దూ?" అంది రాక్షసి విసుగ్గా. "కర్ర తిరిగి తీసుకుంటావా?"

తీసుకుంటే ఆమె మళ్లీ మాంత్రికుడి మనిషి మాత్రమే అవుతుంది. తాతల నాటి కర్ర అది. ముమ్మడి దాన్ని ఒకసారి తడిమాడు.

"నీ దగ్గరే ఉండనీ," అన్నాడు.

దీర్ఘనాస పక్కకు జరిగింది.

ఇద్దరూ కొండ దిగారు. దిగడం కాదు, దొర్లారు. ముళ్లకు జరీపంచె పీలికలైంది. కుప్పెను బయ్యమ్మ చీరకొంగున మూడు ముళ్లు వేసి రొమ్ముకు అదుముకుంది. దారిలో అతను జరిగినదంతా చెప్పాడు. విన్నంతసేపూ ఆమె ఊకొట్టింది. అతని నిద్ర ఏమైందో విన్నాక ఊకొట్టడం మానేసింది.

నీలవేణి ఏటి ఒడ్డుకు చేరేసరికి ముసలామె మోకాళ్లు పట్టేశాయి. వచ్చిన దారి ఆరు రోజులది, ఉన్నవి అయిదు రోజులు. వెనక కొండ కొమ్మున ఒక్క పెడబొబ్బ వినిపించింది. ఈసారి అది నిద్రలో పెట్టిన కేక కాదు. కోట బురుజుల మీంచి నల్లటి పొగ మూడు పాయలుగా లేచి, రెక్కలు తొడిగి, మూడు గద్దలై ఏటి వైపు తిరిగింది.

"వీపెక్కవ్వా," అన్నాడు ముమ్మడి వంగి.

"ఈ బరువుతో ఎంతదూరం పోతావురా?"

"నాకిక ఆగి పడుకునే పని లేదుగా. రాత్రీ పగలూ నడుస్తాను."

బయ్యమ్మ ఎక్కి అతని మెడ చుట్టూ చేతులు వేసింది. కొంగులోని కుప్పె అతని వెన్నుకు ఆనింది. గోరువెచ్చగా ఉంది. నెమ్మదిగా ఊపిరి తీస్తోంది. ఒకసారి కిసుక్కున నవ్వింది కూడా. ఆరు రోజుల అలసట, ముందున్న నలభై తొమ్మిది రోజుల అలసట ఒక్కసారిగా మీద పడ్డాయి. అతనికి ఏడుపొచ్చింది. ఒక్క గుక్క, ఒకే ఒక్క గుక్క తాగి ఈ ఇసుకలో వాలిపోతే చాలుననిపించింది. పద్దెనిమిదేళ్ల పిల్ల నిద్రలో ఒక గుక్క తగ్గితే ఎవరికి తెలుస్తుంది?

"అవ్వా," అన్నాడు. "ఆ కుప్పె..."

మెడ చుట్టూ ఉన్న చేతులు బిగిశాయి.

"అడగకు నాయనా," అంది బయ్యమ్మ. "నువ్వడిగితే ఇచ్చేస్తాను."

గద్దల నీడలు ఇసుక మీదికి వచ్చాయి. ముమ్మడి కళ్లు తుడుచుకుని, ఆమెను పైకి ఎగదోసుకుని ఏట్లో దిగాడు. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి, నడుం దాకా వచ్చాయి. అతను మరేమీ అడగలేదు.